దిగడానికి పుట్టిన సైకిల్ ఎక్కడం నేర్చిన కథ

పల్లం కనిపిస్తే చాలు, సైకిల్ దానంతటదే పరుగెడుతుంది. ఎత్తు వచ్చిందంటే మాత్రం భారమంతా తొక్కేవాడి పిక్కల మీద వేసేస్తుంది. విశాఖపట్నం దగ్గరి పద్మనాభం చుట్టుపక్కల తిరిగేవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అనంత పద్మనాభస్వామి వెలసిన కొండ, చుట్టూ చిన్నా పెద్దా గుట్టలు, జీడితోటల మధ్య నుంచి పోయే ఎర్రమట్టి బాటలు, దిగువన గోస్తనీ నది గట్లు. వానలు తగ్గాక చూస్తే ఆ బాటల్లో మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలి ఉంటాయి. ముందూ వెనకా షాకబ్జర్లున్న మౌంటెన్ బైక్ తొక్కాలని సరదాపడేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దిగేటప్పుడు ఆ బండి రాళ్లను లెక్కచేయదు. ఎక్కేటప్పుడే చిక్కు. షాకబ్జర్లు, లింకులు కలిసి బరువు పెంచేస్తాయి. పైగా పెడలు మీద కాలు నొక్కిన ప్రతిసారీ బండి వెనక భాగం కిందికీ పైకీ ఊగి మన బలంలో కొంత మింగేస్తుంది.

ఈ బండికి ఒక బ్యాటరీ, ఒక మోటారు తగిలిస్తే? ఇది నిన్నమొన్నటి ఊహేమీ కాదు. సైకిల్‌కు కరెంటు మోటారు పెట్టాలన్న ఆలోచనకు 130 ఏళ్లు దాటాయి. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ కథను నడిపిస్తున్న ప్రశ్న ఒక్కటే: మోటారు ఎక్కడ పెట్టాలి?

నాలుగేళ్లలో మూడు జవాబులు

పద్మనాభం పేరు చరిత్రకెక్కింది 1794 జూలై 10న. విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి ఈ నేల మీదే ప్రాణాలు విడిచాడు. బండి కదలాలంటే ఎద్దో గుర్రమో మనిషో లాగాల్సిన కాలం అది. మరో ఆరేళ్లకే, 1800లో, ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా లోహపు బిళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి తొలి బ్యాటరీ తయారు చేసినట్టు ప్రకటించాడు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల సీసం బ్యాటరీని తెచ్చాడు. దాన్ని బండి ఎక్కించినవాడు గుస్తావ్ ట్రూవే. 1881 ఏప్రిల్‌లో పారిస్ వీధిలో ఆయన ఒక మూడు చక్రాల సైకిల్‌ను కరెంటు మోటారుతో నడిపి చూపించాడు.

రెండు చక్రాల సైకిల్ వంతు 1895లో వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 31న, అమెరికాలోని ఒహైయో రాష్ట్రం కాంటన్ ఊరికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ జూనియర్‌కు ఒక పేటెంటు దక్కింది. అందులోని బొమ్మ చూస్తే ఇప్పటి బండే అనిపిస్తుంది. వెనక చక్రం హబ్ లోపల మోటారు. ఫ్రేము మధ్యలో వేలాడుతూ బ్యాటరీ. 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల దాకా లాగే మోటారు అది. గేర్లు లేవు, చైను లేదు. మోటారు ఒకసారి తిరిగితే చక్రమూ ఒకసారే తిరుగుతుంది.

రెండేళ్లకు, 1897 డిసెంబర్‌లో, బోస్టన్‌కు చెందిన హోసియా లిబ్బీ ఇంకో దారి చూపించాడు. ఆయన మోటారును చక్రంలో పెట్టలేదు. పెడళ్లు తిరిగే ఇరుసు దగ్గర, అంటే సైకిల్ నట్టనడుమ పెట్టాడు. 1899లో జాన్ ష్నెప్ మూడో దారి తొక్కాడు: వెనక టైరుకు ఆనుకుని తిరిగే రోలరు. చక్రంలోనా, పెడళ్ల దగ్గరా, టైరు మీదా? సైకిల్‌కు బిగించుకోవడానికి ఇవాళ బజార్లో దొరికే మోటారు కిట్లలో దాదాపు అన్నీ ఈ మూడింటిలో ఏదో ఒక దారిలో వచ్చినవే. జవాబులన్నీ పంతొమ్మిదో శతాబ్దంలోనే దొరికేశాయి. ఏ జవాబు ఏ బండికి నప్పుతుందో తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

సీసం బరువు, పెట్రోలు జోరు

ఇంత చక్కటి బొమ్మలు కాగితం మీద ఉన్నా ఆ సైకిళ్లు ఊళ్లలోకి ఎందుకు రాలేదు? అడ్డం పడింది సీసం. కిలో సీసం బ్యాటరీలో నిలవ ఉండే శక్తి 30 నుంచి 40 వాట్‌అవర్లు. గుట్టల దారిలో ఓ 30 కిలోమీటర్లు నిబ్బరంగా తిరిగి రావాలంటే సుమారు 600 వాట్‌అవర్లు కావాలి. లెక్క కడితే ఒక్క బ్యాటరీయే 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. సైకిల్ మీద ఇంకో సైకిల్ బరువు వేసి కొండ ఎక్కమన్నట్టే. అదే లీటరు పెట్రోలును మండిస్తే వచ్చే వేడి దాదాపు 9,000 వాట్‌అవర్లు. అందులో ముప్పాతిక భాగం ఇంజను వృథా చేసినా మిగిలిందే బోలెడు.

కాబట్టి సైకిల్‌కు సాయం పెట్రోలు రూపంలో వచ్చింది. 1946లో ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చిన వెలోసోలెక్స్ ముందు టైరు మీద రోలరుతో నడిచేది. ష్నెప్ ఆలోచనే, కరెంటు బదులు పెట్రోలు. మన దగ్గర 1972లో కైనటిక్ వాళ్ల లూనా వచ్చింది. పెడళ్లున్న ఆ బుజ్జి మోపెడ్ మీద టీచర్లూ పాలవాళ్లూ గుమాస్తాలూ తిరిగిన రోజులు నడివయసు దాటినవాళ్లకు ఇంకా గుర్తే. కరెంటు సైకిల్ మాత్రం పేటెంటు ఆఫీసు బీరువాల్లోనే ఉండిపోయింది.

పైకి ట్రక్కు, కిందికి సైకిల్

ఈలోగా సైకిలే మారిపోయింది. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు కొందరు, పాత సామాన్ల దుకాణాల్లో పడి ఉన్న లావు టైర్ల ష్విన్ సైకిళ్లు తెచ్చి కొండ మట్టిబాటల మీద దూకించడం మొదలుపెట్టారు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర చార్లీ కెల్లీ చొరవతో తొలి పందెం జరిగింది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఆ సైకిళ్లవి. ఏటవాలులో బ్రేకు పట్టీపట్టీ హబ్‌లోని గ్రీజు పొగలై పోయేది. ప్రతి పరుగు తర్వాత హబ్ విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి రావడంతో ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరే స్థిరపడింది.

మన కథకు పనికొచ్చే ముచ్చట మరొకటుంది. ఆ సైకిళ్లను కొండ పైకి చాలాసార్లు పికప్ ట్రక్కుల్లో వేసుకుని పోయేవారు, లేదా నెట్టుకుంటూ ఎక్కించేవారు. మౌంటెన్ బైక్ దిగడానికే పుట్టింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికని ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ వాళ్ల స్టంప్‌జంపర్ వచ్చి అది అందరి సైకిలైంది. గేర్లు పెరిగి ఎక్కడం కొంత తేలికైనా బాగుచేతలన్నీ దిగుడు వైపే నడిచాయి. 1989లో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ కంపెనీతో ముందు ఫోర్కుకు షాకబ్జర్లు పెట్టాడు. మోటోక్రాస్ బళ్ల అనుభవమున్న హోర్స్ట్ లైట్నర్ వెనక చక్రం ఊగే తీరు మార్చాడు. వెనక ఇరుసుకు కాస్త ముందు చిన్న కీలు పెడితే, బ్రేకు పట్టినప్పుడు కూడా చక్రం బిగుసుకుపోకుండా గుంతల్లో లేచి పడుతుందని చూపించాడు. రాళ్ల మీద ఒదిగి పరుగెత్తే బండి తయారైంది. దాన్ని పైకి ఎవరు చేర్చాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

బీరువా తలుపు తెరిచినవి

బోల్టన్, లిబ్బీల బొమ్మలకు ప్రాణం పోసినవి వేర్వేరు పనుల కోసం పుట్టిన వస్తువులు. మొదటిది అయస్కాంతం. 1983లో జపాన్ నుంచి మసాటో సగావా, అమెరికా నుంచి జాన్ క్రోట్ ఎవరికి వారుగా నియోడిమియం అయస్కాంతాన్ని ప్రకటించారు. చిటికెడంత ముక్క పెద్ద ఇనుప అయస్కాంతం పని చేయడంతో మోటారు చిక్కిపోయింది. రెండోది కంట్రోలరు. పాత మోటార్లలో కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ కరెంటు దిశ మార్చేవి. అరుగుదల, నిప్పురవ్వలు తప్పేవి కావు. ఆ పని ట్రాన్సిస్టర్లకు అప్పగించాక రాపిడి పోయింది. తిరిగే భాగం ఎక్కడుందో సెన్సర్లు చెబుతుంటే, కంట్రోలరు ఆ చుట్టకూ ఈ చుట్టకూ వంతులవారీగా కరెంటు పంచుతుంది.

మూడోది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దాన్ని వీడియో కెమెరాల కోసం బజారుకు తెచ్చింది. దాని వెనక పరిశోధనకు గుడెనఫ్, విటింగ్‌హమ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. సీసంతో 17 కిలోలయ్యే శక్తి ఇప్పుడు మూడున్నర, నాలుగు కిలోల డబ్బాలో ఇమిడిపోతోంది.

నాలుగోది వస్తువు కాదు, ఒక పద్ధతి. 1993లో జపాన్‌లో యమహా పాస్ అనే సైకిల్ అమ్మకానికి వచ్చింది. అందులో యాక్సిలరేటర్ తిప్పే పని లేదు. పెడలు మీద కాలు ఎంత గట్టిగా నొక్కుతోందో సెన్సరు పసిగట్టి, దానికి తగ్గట్టు మోటారు తోడు వస్తుంది. కాలు ఆపితే అదీ ఆగుతుంది. మోటారు ఉన్న చోటు మళ్లీ పెడళ్ల దగ్గరే, 1897లో లిబ్బీ చూపించిన చోటు. ఆ తర్వాత చైనా నగరాలు పెట్రోలు మోటార్ సైకిళ్లపై ఆంక్షలు పెట్టడంతో అక్కడ కరెంటు సైకిళ్ల తయారీ ఏటా కోట్లకు చేరింది. హబ్ మోటార్లు, కంట్రోలర్లు, బ్యాటరీ డబ్బాలు మామూలు సామానైపోయాయి. కిట్ తెప్పించుకుని ఇంట్లో బిగించుకునే రోజులు అలా వచ్చాయి.

హబ్‌లో వద్దు, నడుమున పెట్టు

మామూలు సైకిల్‌కు బోల్టన్ జవాబే హాయి. వెనక చక్రం తీసి మోటారున్న చక్రం వేయడం, వైర్లు కలపడం, అంతే. షాకబ్జర్ల బండి దగ్గరికొచ్చేసరికి ఆ జవాబు తిరగబడింది. షాకబ్జర్ పని చేయాలంటే కింద ఊగే చక్రం తేలిగ్గా ఉండాలి, పైన మనిషి కూర్చున్న భాగం నిలకడగా ఉండాలి. నిండు బిందె చంకనెత్తుకుని నడవొచ్చు గానీ పాదానికి కట్టుకుని నడవలేం. చక్రంలో నాలుగైదు కిలోల మోటారు చేరితే ప్రతి రాయికీ చక్రం ఎగిరి, తిరిగి నేల అందుకోవడానికి ఆలస్యం చేస్తుంది. పట్టు పోతుంది.

ఇంకో ఇబ్బంది ఎత్తు దారిది. హబ్‌లో నేరుగా తిరిగే మోటారు వేగం, చక్రం వేగం ఒక్కటే. నిటారు దారిలో చక్రం నెమ్మదిస్తే మోటారూ నెమ్మదిస్తుంది. అప్పుడది లాగే కరెంటులో పెద్ద వాటా కదలికగా కాక వేడిగా పోతుంది. ఇరుసు తీరు కూడా కలవదు. కొత్త షాకబ్జర్ బళ్ల వెనక చక్రానికి 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు ఈ చివరి నుంచి ఆ చివరికి దూరి వెళ్తుంది. చాలా హబ్ మోటార్లకు ఉండేది చప్పటి అంచుల ఇరుసు. దాన్ని అల్యూమినియం ఫ్రేము గాడిలో సరైన ఆసరా లేకుండా బిగిస్తే, మోటారు విసురుకు ఇరుసు గిర్రున తిరిగి గాడిని చీల్చేయగలదు.

నడుమ పెట్టే మోటారుకు ఈ చిక్కులు లేవు. బరువు షాకబ్జర్ల పైభాగంలో, నేలకు దగ్గరగా ఉంటుంది. మోటారు బలం చైను మీదుగా సైకిల్ గేర్లలోకే పోతుంది. ఎత్తు రాగానే వెనక పెద్ద పళ్ల చక్రం మీదికి చైను మారిస్తే మోటారు తనకు నచ్చిన వేగంతోనే తిరుగుతూ బండిని లాగుతుంది. చైనాలోని సుజౌ కేంద్రంగా 2003లో మొదలైన బాఫాంగ్, పెడళ్ల ఇరుసు గొట్టంలో దూర్చి బిగించే బీబీఎస్ కిట్లు తెచ్చాక పాత షాకబ్జర్ బళ్లకు దారి తెరుచుకుంది. పెద్ద కంపెనీలూ ఇదే చోటు ఎంచుకున్నాయి. బాష్ మోటార్లతో యూరప్‌లో, 2015లో స్పెషలైజ్డ్ వాళ్ల టర్బో లెవోతో అమెరికాలో నడుమ మోటారు మౌంటెన్ బళ్లు రంగంలోకి దిగాయి. 2019లో ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య వీటికి ప్రత్యేకంగా ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది. ఆ బళ్ల ధర మన దగ్గర లక్షల్లో పలుకుతుంది. అందుకే ఇక్కడి కుర్రాళ్లు కిట్ల వైపు చూస్తారు.

గాలి దింపి చూడు

పద్మనాభంలో ఒక సైకిల్ షాపు ముందు ఈ పని జరుగుతుంటే దగ్గరుండి చూశాను. బండి పాతది, అల్యూమినియం ఫ్రేము. తెచ్చినవాడు ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. ఫోనులో వీడియో పెట్టుకుని స్పానర్ పట్టాడు. షాపాయన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

ముందు పెడళ్ల కాళ్లు ఊడదీశారు. తర్వాత ఇరుసు గొట్టంలోని బేరింగ్ కప్పులు. కుర్రాడు చైను వైపు కప్పును మామూలుగా మర విప్పే దిక్కున బలమంతా పెట్టి తిప్పుతున్నాడు.

"అటు గాదురా, ఇటు. ఆ పక్క మర ఎడమసేతి వాటం. అటు తిప్పితే ఇంకా బిగుసుకుంటాది" అన్నాడు షాపాయన.

"అవునా మావయ్యా! వీడియోలో అది చెప్పలేదు."

కప్పులు వచ్చేశాక గొట్టం లోపల గుడ్డతో తుడిచి, వెడల్పు కొలిచారు. 73 మిల్లీమీటర్లు, కిట్‌కు సరిపోయింది. కొన్ని బళ్లలో మర లేని, నొక్కి కూర్చోబెట్టే పెద్ద గొట్టాలుంటాయి. వాటికి వేరే అడాప్టర్లు కావాలి. చైను వైపు నుంచి మోటారు ఇరుసు దూర్చగానే మోటారు ఫ్రేము కింది గొట్టానికి ఆనుకుని వేలాడింది. రెండో వైపు పట్టీ పెట్టి, పెద్ద రింగు నట్టు బిగించారు. అది వదులైతే రాళ్లలో మోటారు ఊగిపోతుంది. కొన్నాళ్లు తొక్కాక మళ్లీ బిగించుకోవాల్సిందే.

అసలు పరీక్ష బ్యాటరీ దగ్గర వచ్చింది. మామూలు సైకిల్‌లో ఫ్రేము త్రికోణం ఖాళీగా ఉంటుంది. ఇక్కడ అందులో సగం వెనక షాకబ్జర్‌దే. కుర్రాడు మిగిలిన చోటులో డబ్బా పెట్టి చూసి సరిపోయిందనేశాడు.

"ఏటి సరిపోయింది? ముందు షాకప్‌లో గాలి దింపి సూడు. బండి పూర్తిగా కూలబడితే ఆ డబ్బా ఎక్కడ తగుల్తాదో అప్పుడు తెలుస్తాది."

వాల్వు నొక్కి గాలి తీసేసి, సీటు మీద బరువు వేసి బండిని అడుగంటా కూర్చోబెట్టారు. షాకబ్జర్‌ను తిప్పే లింకు వచ్చి డబ్బా మూలను తాకింది. నిండు గాలితో ఉన్నప్పుడు అక్కడ రెండు వేళ్ల సందు ఉండేది. డబ్బాను ఇంకాస్త ముందుకీ పైకీ జరిపారు. అదే కూలబడిన స్థితిలో చైను కూడా చూశారు. చక్రం పైకి లేచేకొద్దీ పెడళ్ల ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది. పెద్ద పళ్ల చక్రం మీద చైను పొట్టిదైతే గుంతలో పడ్డప్పుడు బిర్రుగా లాగి, గేర్లు మార్చే డిరెయిలర్‌ను విరిచేస్తుంది. వేగం చూసే సెన్సరు వైరుకు వెనక కీలు దగ్గర కాస్త వదులు వదిలారు. చివరగా బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే స్విచ్. గేరు మార్చే క్షణంలో మోటారు ఊపిరి బిగబట్టేలా చేసే సెన్సరు కూడా పెట్టుకోమని షాపాయన సలహా. లేకపోతే చైను, పళ్లు నెలల్లోనే అరిగిపోతాయట.

పావు కిలోవాటు చాలదా?

కిట్ కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని వాట్లని. 750, 1,000 వాట్ల కిట్లు నోరూరిస్తాయి. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పెడల్ సాయంగా ఉండే మోటారు శక్తి 250 వాట్ల లోపే ఉండి, బండి గంటకు 25 కిలోమీటర్లు చేరేసరికి, లేదా తొక్కడం ఆపగానే, సాయం ఆగిపోతే అది సైకిల్ కిందే లెక్క. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది దాటితే మోటారు వాహనం. ఇంట్లో బిగించిన బండిని ఆ లెక్కన రిజిస్టర్ చేయించడం మాటలు కాదు.

ఆ 250 వాట్లు మన గుట్టలకు చాలతాయా? మనిషి, బండి కలిసి 100 కిలోలనుకుందాం. పది మీటర్లు పోతే ఒక మీటరు లేచే దారి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువు ఎత్తడానికే సుమారు 270 వాట్లు, మట్టిలో టైర్ల రాపిడికి ఇంకో 50. మొత్తం 320 చిల్లర. మామూలు మనిషి ఎక్కువసేపు అలవోకగా ఇవ్వగలిగేది 100 వాట్లు. మిగిలిన 220 మోటారు ఇస్తే చాలు. గేర్ల మీద నడిచే మోటారైతే ఆ బలం దాదాపు పూర్తిగా చక్రానికి అందుతుంది. హబ్ మోటారు అదే ఎత్తులో వేడెక్కి ఆయాసపడుతుంది. కొందరు దానికి పెద్ద మోటారే మందని అనుకుంటారు. పెద్ద మోటారుకు పెద్ద బ్యాటరీ కావాలి, బరువు పెరుగుతుంది, బ్రేకులకు పని పెరుగుతుంది.

బ్యాటరీ దగ్గర మాత్రం పొదుపు చూసుకోకూడదు. 48 వోల్టుల డబ్బాలో 13 సెల్‌లు వరసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి దెబ్బతిన్నా మిగిలినవాటిని కాపాడేది లోపలున్న నియంత్రణ సర్క్యూటే. బ్యాటరీ అదుపు తప్పితే జరిగేది మన రాష్ట్రం చూసింది: 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న ఈ-స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలు కట్టుదిట్టం చేసింది. సైకిల్ డబ్బాకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది. రాళ్ల దెబ్బ తగలని చోట బిగించాలి, దాని కోసం ఇచ్చిన ఛార్జరే వాడాలి, మనుషులు నిద్రపోయే గదిలో ఛార్జింగ్ పెట్టకూడదు.

ఈ విద్య మన వైపు కొత్తది కాదిప్పుడు. హైదరాబాద్‌లో గాయం మోటార్ వర్క్స్ ఎలక్ట్రిక్ ఆటోలతో పాటు ఎలక్ట్రిక్ సైకిళ్లూ తయారు చేసింది. పద్మనాభానికి పొరుగునే ఉన్న విజయనగరం జిల్లాలో ఒక ఇంటర్ విద్యార్థి కాలేజీకి వెళ్లిరావడానికి బ్యాటరీ సైకిల్ చేసుకుంటే, 2025 జూలైలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ కుర్రాణ్ని మంగళగిరికి పిలిపించుకుని తానే నడిపి చూశారు. కాలేజీ దారికి ఏ మోటారైనా నడుస్తుంది. ఎర్రమట్టి గుట్టలకు మాత్రం లిబ్బీ బొమ్మే దిక్కు. కిట్ కొనబోయేవాడు దుకాణంలో అడగాల్సిన మొదటి మాట ఎన్ని వాట్లని కాదు, బరువు ఎక్కడ పడుతుంది, బలం ఏ గేరు మీదుగా పోతుంది అని. దానికి సరైన జవాబు దొరికితే పావు కిలోవాటే కొండెక్కిస్తుంది.